బొరుగుల బట్టికి షరతులతో లైసెన్సు

ఊరందరినీ "లైసెన్సు ఉందా?" అని అడిగి బతికినవాడిని నేను. నాకు మాత్రం రిటైరయ్యే ముందు దాకా బండి లైసెన్సు లేదు. టెస్టుకు పోతే నేల మీద ఎనిమిది అంకె గీసి, కాలు కింద పెట్టకుండా దాని మీద బండి నడపమన్నారు. ఎనిమిది నడుము దగ్గరికి రాగానే నా కాలు దానంతట అదే కిందికి దిగేది. బడిలో ఎనిమిది దాటి తొమ్మిది దాకా పోయినవాడిని, అక్కడ ఎనిమిదిలోనే ఫెయిలయ్యాను. టెస్టు పెట్టినాయన నన్ను గుర్తుపట్టి, "నువ్వు ఎవరెవరికి లైసెన్సులు ఆపినావో, వాళ్లందరూ కలిసి మొక్కుకున్నట్టుండారు సార్" అన్నాడు.

తొమ్మిదిలో బడి మానడానికి పెద్ద కారణమేమీ లేదు. లెక్కల అయ్యవారికి నా ముఖం నచ్చలేదు, నాకు ఆయన బెత్తం నచ్చలేదు. కమలాపురం వదిలిపెట్టి, మునిసిపాలిటీలో కొళాయిలు తిప్పే కూలీగా చేరాను. తర్వాత ప్రైవేటుగా పదో తరగతి ఎట్లాగో గట్టెక్కి, తిరిగి తిరిగి లైసెన్సు ఇన్‌స్పెక్టరునయ్యాను. ఆ మెట్ల కథ మీకూ అక్కర్లేదు, నాకూ విసుగే.

ఇప్పుడు కడపలో ఉంటున్నాను. మా వీధి సచివాలయంలో కొత్తగా చేరిన పిల్లలు పొద్దుపోని వేళ నన్ను పిలిచి కుర్చీ వేస్తారు. "మీ కాలంలో కంప్యూటరు లేకుండా ఎట్ల చేస్తాండిరి సార్?" అని అడుగుతారు. కంప్యూటరు ఉండి మీరెట్లా చేస్తున్నారో నాకు అర్థం కాదు గాని, మేమెట్లా చేశామో ఇదిగో, రాస్తున్నాను.

పని వేళకు పోవాలి

పొగ, వాసన, చప్పుడు, మంట. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ వ్యాపారానికి మునిసిపాలిటీ లైసెన్సు కావాలి. పిండి మిషను, హోటలు, మటన్ అంగడి, కట్టెల అడితి, బండలు పాలిష్ పట్టే షెడ్డు, అన్నీ ఇందులోకే వస్తాయి. ఏటేటా దాన్ని రెన్యూవల్ చేయించుకోవాలి. నేను పోయి చూసి రిపోర్టు రాయాలి, కమిషనరు సంతకం పెట్టాలి. చూడడానికి ఇంతే ఉద్యోగం.

నాకు ఈ పని నేర్పింది ఖాదర్ సాబ్ అనే పాత శానిటరీ ఇన్‌స్పెక్టరు. సన్నగా, పొడుగ్గా, ఎండిన జొన్నదంటు మాదిరి ఉండేవాడు. నేను చేరిన కొత్తలో, నానబెట్టిన బొరుగులతో ఉగ్గాని చేసి అమ్మే ఒక హోటలు చూసి రమ్మని పంపాడు. నేను మధ్యాహ్నం భోంచేసి, కాస్త నడుం వాల్చి, తీరిగ్గా పోయాను. బల్లలు కడిగి ఉన్నాయి, పొయ్యి చల్లగా ఉంది, ఓనరు చాప మీద పడుకొని ఉన్నాడు. "అంతా శుభ్రంగా ఉంది" అని రాసుకొచ్చాను.

ఖాదర్ సాబ్ ఆ కాగితం చదివి నా ముఖం చూశాడు.

"ఏం మియా, ఉగ్గాని ఎప్పుడు తింటారు జనం?"

"తెల్లారి, సాబ్."

"మరి నువ్వు ఎప్పుడు పోయినావు?"

"మధ్యాహ్నం."

"పెండ్లి అయిపోయి, షామియానా విప్పినాక పోయి, పెండ్లికూతురు బాగుండాది అని రాసుకొచ్చినావు నువ్వు."

మర్నాడు తెల్లవారుజామున నన్ను వెంటబెట్టుకొని పోయాడు. వెనక వాకిట్లో బొరుగులు నానబెట్టే గంగాళం పక్కనే ఎంగిలి ప్లేట్ల తొట్టి ఉంది. ఒక దాంట్లో చెయ్యి పెట్టి రెండో దాంట్లో పెడుతున్నాడు పనివాడు. నేను అప్పటిదాకా అదే హోటల్లో రోజూ తింటున్నాను. ఆ రోజు నా కడుపు కూడా నాతో పాటు పాఠం నేర్చుకుంది.

అప్పటి నుంచి ఏ వ్యాపారాన్నైనా అది జరిగే వేళకే పోయి చూశాను. ఇప్పటి పిల్లలు ఫోటో తీసి పెడితే చాలంటున్నారు. ఫోటోలో పొగ కనిపిస్తుంది గాని, వాసన రాదు కదప్పా.

లంచం తిన్నారా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. కాఫీలు తాగాను. కాఫీ దాటి పోలేదు. దానికి కారణం నీతి అని చెప్పుకుంటే మా ఇంటామె నవ్వుతుంది. అసలు కారణం భయం. భయమైనా మంచిదే, ఉద్యోగం పోకుండా కాపాడింది.

ఉసేనమ్మ బట్టి

కర్నూలుకు పడమట ఒక మునిసిపాలిటీలో కొన్నేళ్లు పనిచేశాను. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్లు ఇంకా నన్ను బస్టాండులో పలకరిస్తారు, ఆ పలకరింపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆ ఊళ్లో ఉసేనమ్మ బొరుగుల బట్టి ఉండేది. ఆమె తురకామె కాదు. పీర్లకు మొక్కుకుంటే పుట్టిందని తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారు. మా సీమలో హిందువుల ఇండ్లలో ఉసేనమ్మలూ మస్తానప్పలూ ఎంతమందో లెక్కే లేదు. సొంతూరు కోసిగి పక్క పల్లె. వానలు లేక, పంటలు లేక, ఇంటికి తాళం వేసి ఊళ్లకు ఊళ్లే పనులకు తరలిపోయే చోటు. ఆ పోవడాన్ని అక్కడ సుగ్గి అంటారు. మిరపకోతకు గుంటూరు వైపు, కట్టుబడి పనికి బెంగళూరు వైపు. ఉసేనమ్మ నడక నేర్చింది సుగ్గిలోనే, పెండ్లయ్యాక కొడుకును కన్నదీ సుగ్గిలోనే, పరాయి ఊరి చేను గట్టున గుడారంలో. కొడుక్కు కాస్త ఊహ తెలిశాక, ఇంక పోను అని మొండికేసి, ఈ ఊళ్లో బట్టి పెట్టుకుంది.

బట్టి అంటే పెద్ద పొయ్యి. దాని మీద వెడల్పాటి మూకుడు, మూకుట్లో ఎర్రగా కాలిన ఇసుక. ఉప్పు పట్టించిన బియ్యం దోసెడు వేసి చీపురుతో ఒక్క తిప్పు తిప్పితే, వాన చినుకులు రేకుల మీద పడ్డట్టు పటపటా పేలి తెల్లగా లేస్తాయి. జల్లెడలోకి ఎత్తి కొడితే ఇసుక కిందికి, బొరుగులు పైకి. ఎన్నిసార్లు చూసినా నాకు నోరు తెరుచుకునేది. తెరిచిన నోట్లో ఉసేనమ్మ నాలుగు బొరుగులు పోసేది.

"చూసింది చాలు, రాసుకో పో సామీ" అనేది. సార్ అనడం ఆమెకు నోరు తిరగదు. ఊళ్లో దేవుడికీ, ఇన్‌స్పెక్టరుకూ ఒకటే పిలుపు.

ఆమె బట్టి పక్కనే చిన్నపరెడ్డి కల్యాణ మండపం కట్టాడు. పెద్ద రైతు కుటుంబం. పొలాల మీది రాబడి తగ్గి, వ్యాపారంలోకి దిగినవాళ్లు. ఊరి బయట ఆయనకే శనక్కాయలు ఒలిచే మిల్లు కూడా ఉండేది. మనిషి చెడ్డవాడు కాదు, కానీ కట్టిన గోడ మీద ప్రాణం పెట్టుకున్నవాడు. ఒక ఆషాఢంలో, శ్రావణం పెండ్లిళ్లకని, మండపానికి మల్లెపూవు మాదిరి తెల్లసున్నం వేయించాడు. అప్పుడే పడమటి గాలి మొదలైంది. ఆ గాలి మా వైపు ఎట్లా వీస్తుందంటే, ఆరేసిన పంచె పక్కూళ్లో దొరుకుతుంది. వారం తిరిగేసరికి మండపం గోడ నల్లగా చారలు దిగింది.

చిన్నపరెడ్డి అర్జీ పెట్టాడు. బట్టి లైసెన్సు రద్దు చేయాలి, అంతే. ఆమె రెన్యూవల్ కాగితం అప్పుడే నా బల్ల మీద ఉంది. మార్చిలో కావాల్సినవి మా ఆఫీసులో ఆషాఢానికి కదిలేవి, అది మా ఆఫీసు పంచాంగం.

కొత్త కమిషనరు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రాయన. పరీక్ష రాసి పైకొచ్చినవాడు, చురుకైనవాడు. నన్ను పిలిచాడు.

"ఏవండీ, మరమరాల కోసం ఇంత గొడవేమిటి? ఊరి మధ్యలో పొగ గొట్టం ఎందుకు? నో అని రాసేయండి, సంతకం పెట్టేస్తాను."

"చూసొచ్చి రాస్తాను సార్."

"చూసేదేముందండీ? గోడ నల్లగా ఉంది కదా."

"గోడ చూసినాను సార్. పొయ్యి చూడలేదు ఇంకా."

ముక్కు చెప్పిన మాట

మర్నాడు తెల్లారి బట్టి మండే వేళకు పోయాను. వీధి మలుపులోనే ముక్కు పట్టేసింది. అది ఎప్పటి పొగ కాదు. ఆమె ఎప్పుడూ కాల్చే శనక్కాయ పొట్టు పొగ కాస్త తియ్యగా ఉంటుంది. ఇది గొంతులో పట్టుకుంటోంది. పొయ్యి వెనక్కి పోయి చూస్తే గోనెసంచిలో పాత టైర్ల ముక్కలు.

ఉసేనమ్మ చీపురు ఆపలేదు. నా ముఖం కూడా చూడలేదు.

"ఇదేందమ్మా?"

"చూసినావు గదా, ఇంకేమి అడుగుతావు?"

"పొట్టు యాడపాయ?"

"పొట్టు యాడుండాది సామీ? ఈ యేడు కాయే కాయలేదు. ఉండేదొక్కటి రెడ్డి మిల్లు. అదీ లారీలకు లారీలు ఇటుకల బట్టీకి ఎత్తతాండారు. మాకు గంపెడు అడిగితే మేనేజరు కుక్కను తరిమినట్టు తరిమె. నా కొడుకు సైకిలు షాపులో ఇవి తెచ్చినాడు. మంటైతే బాగ మండుతాండాది."

"ఊరి ఊపిరి కూడా మండుతాండాది."

"తెలుసు. నా కోడలు రేత్రంతా దగ్గుతాది."

కొత్తగా చేరిన పిల్లలకు ఇక్కడ ఒక మాట. పేదామె పొయ్యి, ధనవంతుడి అర్జీ అనగానే మన మనసు ఒక పక్కకు ఒరుగుతుంది. నా మనసూ ఒరిగింది. కానీ ఆ పొగ నిజం, ఆ అర్జీలో అబద్ధం లేదు. అట్లాగని బట్టి మూసేస్తే ఆమె ఇల్లు మూసినట్టే, అదీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య నిలబడి ఎటూ ఒరగకుండా ఉండడానికే మనకు జీతం ఇచ్చేది.

టైర్లు కాల్చే పొయ్యిని ఒక్క పూట కూడా వదలడానికి లేదు. అక్కడే నిలబడి, వెంటనే ఆపాలని నోటీసు రాశాను. చదివి వినిపించాను. ఆమె తిట్టి ఉంటే నాకు బాగుండేది. చీపురు పక్కన పెట్టి, బకెట్టు తెచ్చి, పొయ్యిలో నీళ్లు పోసింది. ఆవిరి బుస్సుమని లేచింది.

"సరే సామీ. బెంగళూరు మేస్త్రీకి కబురు పెడతా. ఇల్లు కట్టే పనికి ఎప్పుడు పిలిచినా రమ్మంటాడు. పండగ కూడా చూసేది లేదు, ఈ వారమే పోతాము."

"తొందరపడొద్దమ్మా."

"తొందర నీకా, నాకా? ముద్ద నువ్వు పెడతావా?" అని, చెంగుతో ముఖం తుడుచుకొని, "ఒక్క పని చెయ్యి. రెడ్డి వాళ్ల అవ్వకు చెప్పు, ఈ యేడు మొక్కు బొరుగులు నేను ఇయ్యలేనని. వేరే చోట చూసుకోమను" అంది.

పీర్ల చావిడికి పోయే బొరుగులు

ఆ మొక్కు సంగతి చెప్పాలి. ఆ వారమే పీర్ల పండగ. పీర్లు చావిడిలో కూర్చున్నాయి, గుండం తవ్వుతున్నారు. మా వైపు పీర్ల పండగ తురకలది అనుకోరు, ఊరిది అనుకుంటారు. అందరూ బొరుగులూ చక్కెరా చదివిస్తారు. చిన్నపరెడ్డి తల్లి ఏటా మూటలకు మూటలు చావిడికి పంపి ఊరందరికీ పంచేది. ఆ బొరుగులు వేయించే మనిషి ఆ రోజు ఒక్కపొద్దు ఉండాలి. వేయించేది అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. అందుకని అంగట్లో కొన్న బొరుగులు పనికిరావు. ఊళ్లో ఒక్కపొద్దుండి మంట ముందర కూర్చునే మనిషి ఉసేనమ్మ ఒక్కతే.

నోటీసు కాపీ పట్టుకొని రెడ్డిగారింటికి పోయాను. చిన్నపరెడ్డి వసారాలో ఉన్నాడు. ముసలామె అక్కడే మంచం మీద కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది.

చిన్నపరెడ్డి కాగితం చదివి నా భుజం తట్టాడు. "శభాష్ ఇన్‌స్పెక్టరూ! పొద్దున పోయి పొద్దున్నే ఆపించినావంటే మగోడివప్పా. కాఫీ తాగు."

"తాగుతానన్నా. అవ్వకు ఒక మాట చెప్పమనింది ఉసేనమ్మ."

చిన్నపరెడ్డి ముఖం మారింది. తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. నేను ఆయన ఊపుడు చూడనట్టు గోడ మీది గడియారం చూశాను.

"ఏమి చెప్పమనింది?" అంది ముసలామె.

"బట్టి మూసినామవ్వా. మొక్కు బొరుగులు ఈ యేడు వేరే చోట చూసుకోమంటాండాది."

చింతపండు చేతిలోనే ఉండిపోయింది. "ఎవురు మూయించినారు?"

"అర్జీ వచ్చింది."

"ఎవురు పెట్టినారు అర్జీ?"

నేను కాఫీ తాగాను. చిన్నపరెడ్డి ఫ్యాను వైపు చూశాడు. అది తిరగడం లేదు, కరెంటు లేదు.

తల్లులకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. "నువ్వారా? పసిబిడ్డప్పుడు గుక్క తిరక్క, ఊపిరి అందక, నల్లగా అయిపోతే నిన్ను తీసకపోయి ఆ సామి ముందర పడుకోబెడితి. ఊపిరి నిలిస్తే యేడాదికొకసారి బొరుగులు పంచుతానని మొక్కితి. ఆ ఊపిరితోనే గదరా ఇప్పుడు అర్జీలు రాస్తాండావు!"

"అది కాదమ్మా, గోడంతా..."

"గోడకు పోసినానా నేను పాలు?"

చిన్నపరెడ్డి నన్ను పక్కకు లాక్కుపోయాడు. "ఏమప్పా, ఆ నోటీసు ఒక నాలుగు దినాలు జేబులో పెట్టుకో. పండగ కానీ. అయినాక మూయించు."

"పొగకు పండగ తెలీదన్నా. పైగా అది టైర్ల పొగ. ఆ పొగలో వేయించిన బొరుగులు సామికి పంపుతావా? అవ్వతో చెప్పమంటావా ఆ సంగతి కూడా?"

"నీ నోరు పడ! ఇంకేమి చేయమంటావు?"

"మీ మిల్లు పొట్టు యాడికి పోతాండాది?"

"ఇటుకల బట్టీకి."

వసారాలో నుంచి ముసలామె గొంతు వచ్చింది. చెవులు బాగా పనిచేసేవి ఆమెకు. "పీర్లకు ఇటుకలు పంచుదామా రా ఈ యేడు?"

సాయంత్రానికి ఉసేనమ్మ వాకిట్లో పొట్టు బండి నిలబడింది. బండి వెంట మేనేజరు కూడా వచ్చాడు, తలకాయ దించుకొని. ఉసేనమ్మ బెంగళూరికని కట్టిన మూట విప్పి, చీపురు తీసింది.

అవును, కాదు, షరతులతో

కమిషనరు నా రిపోర్టు చూసి కళ్లజోడు తీశాడు.

"నేనడిగింది అవునా కాదా అని. మీరిది ఏం రాశారు?"

"షరతులతో, సార్."

నేను రాసినవి ఇవి: పొట్టు, ఊక తప్ప వేరేదేదీ పొయ్యిలో పెట్టకూడదు. పడమటి గాలికి గోడను తాకకుండా, మండపం కప్పు దాటేలా గొట్టం ఎత్తు పెంచాలి. మండపంలో పెండ్లి ఉన్న రోజు జనం రాకముందే బట్టి ఆర్పాలి. మిల్లు వాళ్లు పొట్టు ఇస్తామని ఒప్పుకున్న కాగితం జత.

"పాటించకపోతే?"

"రోజూ అటు నుంచే ఉగ్గానికి పోతాను సార్. నా ముక్కు ఎక్కడికీ పోదు."

ఆయన నవ్వలేదు గాని, సంతకం పెట్టాడు. పండగ రోజు చావిడి దగ్గర రెడ్డి వాళ్ల అవ్వ ఆయన దోసిట్లో కూడా బొరుగులు పోసింది. "మా ఊళ్లో వీటికి ఇంత రుచి లేదండీ" అన్నాడు నాతో. ఒక్కపొద్దుండి వేయించినామె పక్కనే ఉందని చూపించాను. ఆయన తల వంచి నమస్కారం పెడితే ఉసేనమ్మ సిగ్గుపడి చెంగు నోట్లో పెట్టుకుంది. తర్వాత ఏ ఫైలు పోయినా, "షరతులతో కుదురుతుందేమో చూశారా?" అని ఆయనే అడిగేవాడు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. రేకుల గొట్టం మొదటి గాలికే ఎగిరిపోయి మండపం మీదే పడింది. తీగలు లాగి కట్టించాల్సి వచ్చింది. ఉసేనమ్మ కొడుకు మళ్లీ ఒకసారి టైరు ముక్క పెట్టబోతే, తల్లే చీపురు తిరగేసిందట. చిన్నపరెడ్డి నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు, ఆ తర్వాత తన మండపం లైసెన్సు కోసం తప్పక మాట్లాడాడు.

ఇప్పుడు ఆన్‌లైన్లో "అనుమతి", "తిరస్కరణ" అని రెండు బటన్లు పైన మెరుస్తుంటాయి. షరతులు రాసే గడి ఎక్కడో అడుగున ఉంటుంది. పిల్లలూ, ఆ అడుగు దాకా పోండి. ఉద్యోగమంతా అక్కడే ఉంది. ఆ గడి నింపాలంటే మాత్రం తెల్లారే లేవాలి, వీధి మలుపులో నిలబడి గాలి పీల్చాలి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ తియ్యటి పొట్టు పొగ ముక్కుకు తగులుతుంది. ఈ కడపలో మా ఇంటి పక్కన కూడా బొరుగులు దొరుకుతాయి, ప్లాస్టిక్ సంచిలో. వాటికి ఏ వాసనా లేదు.

పోయినేడు పీర్ల పండగకు ఆ ఊరు పోయాను. బట్టి ఉంది. ఉసేనమ్మ కూడా ఉంది, జుట్టంతా బొరుగుల రంగుకు తిరిగింది. కోడలు చీపురు తిప్పుతుంటే పక్కన కూర్చొని, తిప్పడం రాలేదని తిడుతోంది. నన్ను చూసి గుర్తుపట్టి, చేతిసంచి లాక్కొని బొరుగులు నింపసాగింది. నా పాత వేళాకోళం బుద్ధి ఊరుకోలేదు.

"ఏమ్మా, ఆ పొద్దు నేను షరతులని రాయకపోతే, నువ్వు ఈపాటికి బెంగళూరులో ఇటుకలు మోస్తాండేదానివి. సుగ్గికి పోకుండా నిలిపింది ఎవురు?"

ఉసేనమ్మ సంచి మూతి బిగించి నా ఒళ్లో పడేసింది.

"నువ్వే సామీ, కాదంటినా? సుగ్గికి పోయినోళ్లు వానలొస్తే ఇంటికైనా తిరిగొస్తాండ్రి. నీకు రిటైరుమెంటు ఇచ్చి పంపిరి, నన్నేమో లైసెన్సిచ్చి మంట ముందర కూచోబెట్టి పోతివి!"